వెండితెర అండ లేకున్నా వెలుగుతున్న పాటలు

ప్రైవేటు పాటల్లో వినదగిన కొన్ని

పెళ్లి ఊరేగింపులో ఓ మంచి పాట మోగితే పక్కనున్న వారిని అడిగే మొదటి ప్రశ్న "ఇది ఏ సినిమాలోది?" అనే. తెలుగునాట పాట అంటే సినిమా పాటే అన్న అభిప్రాయం అంతగా పాతుకుపోయింది. అయితే కొన్నేళ్లుగా ఈ ప్రశ్నకు "సినిమాలోది కాదు, ప్రైవేటు పాట" అన్న జవాబు తరచుగా వినిపిస్తోంది. కథానాయకుడు లేడు, నిర్మాత లేడు, విడుదల తేదీ లేదు. ఊళ్లో కుర్రాడు పాట రాస్తాడు. పట్నంలో ఓ చిన్న గదిలో దానికి బాణీ కడతారు. పొలం గట్ల మీద ఇద్దరు ముగ్గురు ఆడిపాడగా చిత్రీకరిస్తారు. మర్నాటికి అది యూట్యూబులో ప్రత్యక్షం. బాగుంటే నెల తిరిగేసరికి ఊరూరా అదే మోత.

ఇలాంటివి ఒకటా రెండా! వారం వారం పదుల సంఖ్యలో వస్తున్నాయి. చాలావరకు వచ్చిన దారినే పోతున్నాయి. పేలవమైనవి, ఒకదానికొకటి నకళ్లు, ద్వంద్వార్థాల మీద బతికేవీ తక్కువేం లేవు. ఆ రద్దీలో నాలుగు కాలాల పాటు నిలిచే పాటలూ ఉన్నాయి. అలాంటి కొన్నింటి పరిచయమే ఇది. వీటిలో దేన్నీ పండితుల సిఫారసు మీద ఎంచలేదు. విన్న తర్వాత కూడా మనసులో మెదిలేది, తన ఊరి సంగతి ఏదో ఒకటి చెప్పేది అన్నదే ఎంపికకు కొలబద్ద.

కొత్త వింత కాదు

సినిమాతో పనిలేని పాట తెలుగువారికి కొత్తది కాదు. గ్రామఫోను రికార్డుల రోజుల్లోనే దీనికి రాచమర్యాద ఉండేది. నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డులో ఒక పక్కకు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఆ మూడు నిమిషాల్లోనే పల్లవి, చరణాలు, వాద్యాలు అన్నీ ఇమిడిపోవాలి. ఆ ఇరుకులోనే ఆణిముత్యాలు పుట్టాయి.

"మా తెలుగు తల్లికి" సంగతే చూడండి. శంకరంబాడి సుందరాచారి దీన్ని 1942 నాటి 'దీనబంధు' చిత్రం కోసం రాశారు. ఇంటింటికీ చేర్చింది మాత్రం టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డే. తర్వాత అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైంది. అటు అందెశ్రీ రాసిన "జయ జయహే తెలంగాణ" ఉద్యమ సభల్లో పుట్టి పెరిగి, 2024లో తెలంగాణ రాష్ట్రగీతమైంది. ప్రభుత్వ వేడుకల్లో జనమంతా లేచి నిలబడి వినే ఈ రెండు గీతాలకూ ప్రాచుర్యం ఇచ్చింది వెండితెర కాదన్నది గమనార్హం.

తర్వాత రేడియో లలిత సంగీతాన్ని పెంచి పోషించింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం 'ఈ మాసపు పాట' వంటి కార్యక్రమాలతో ఇళ్లలోని ఆడపిల్లలకు పాట నేర్పింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారు రాయడం, బాణీ కట్టడం, పాడించడం అన్నీ తామే అయి ఈ తోటను పెంచారు. ఆ వెనుక క్యాసెట్లు వచ్చాయి. సభలో పాట విన్నవారు వేదిక పక్కనే అమ్మే క్యాసెట్టు కొని సంచిలో వేసుకుని ఊరికి తెచ్చుకునేవారు. నేటి సెల్‌ఫోను పాట ఆ క్యాసెట్టుకు వారసురాలే. కొత్తగా వచ్చింది వేగం ఒక్కటే.

పెళ్లికూతురే నోరు విప్పిన పాట

మొదటగా వినవలసింది "బుల్లెట్టు బండి". 2021లో వచ్చిన ఈ పాటను లక్ష్మణ్ రాశారు. ఎస్.కె. బాజీ బాణీ కట్టారు. 'బాహుబలి'లో "మనోహరి" పాడిన మోహన భోగరాజు గళం ఇచ్చారు. అదే ఏడు ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఓ నవవధువు తన బారాత్‌లో భర్త ఎదుట ఈ పాటకు నృత్యం చేయడం, ఆ దృశ్యం లక్షలాది ఫోన్లలో తిరగడంతో దీని పేరు మారుమోగింది. ఆ తర్వాత ఈ పాట లేకుండా అప్పగింతలు జరిగిన పెళ్లి అరుదైపోయింది.

ఆ హోరులో పాటలోని అసలు విశేషం చాలామంది చెవిన పడలేదు. తెలుగువారి పెళ్లిపాటల్లో అప్పగింతల పాటకు ప్రత్యేక స్థానం ఉంది. అందులో పాడేది పెద్ద ముత్తయిదువలు. బుద్ధులు చెప్పేదీ వారే. పెళ్లికూతురి వంతు తలవంచుకుని కన్నీరు పెట్టుకోవడమే. ఈ పాటలో పెళ్లికూతురే మాట్లాడుతుంది. తనను కన్నవారు ఎంత గారాబంగా పెంచిందీ, తాను అత్తవారింట ఎలా మసలుకోదలచిందీ, కట్టుకునేవాడి నుంచి ఏమి కోరుకుంటున్నదీ తన నోటితోనే చెబుతుంది. బుల్లెట్టు బండి ఓ ముచ్చట మాత్రమే. పాట బరువంతా పుట్టింటి మీద ఉంది. పల్లవికి చిందులు వేసినవారు ఓసారి తీరిగ్గా కూర్చుని చరణాలు వింటే ఈ సంగతి బోధపడుతుంది. తల్లులు ఈ పాటకు కళ్లు తుడుచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

బొంబాయి పేరు వెనుక నూరేళ్ల కథ

2025లో పిల్లల నుంచి ముసలివారి దాకా అందరి నోటా ఆడిన పాట "రాను బొంబాయికి రాను". పాలమూరు ప్రాంతానికి చెందిన రాము రాథోడ్, గాయని ప్రభ పాడిన ఈ పాట బావామరదళ్ల సంవాదం. బొంబాయిలో ఉన్న అందాలన్నీ ఏకరువు పెట్టి అతను రమ్మంటాడు. ఎన్ని చెప్పినా ఆమె రానంటుంది. వినడానికి సరదా పాటే. డప్పు నడక చురుగ్గా ఉంటుంది. ఒక్కసారి వింటే పల్లవి నోటికి వచ్చేస్తుంది.

అయితే బొంబాయి అన్న మాట తెలంగాణ పల్లెల్లో ఉత్త సరదా మాట కాదు. నూరేళ్లకు పైగా ఈ ప్రాంతపు కూలీలు, నేత కార్మికులు పొట్ట చేతపట్టుకుని పోయింది ఆ ఊరికే. కట్టడాల పనులకు వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. వారి పేరనే కామాఠీపుర వెలిసింది. కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు ఎందరో అక్కడి బట్టల మిల్లుల్లో మగ్గాలు నడిపారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎన్నో తెలుగు కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఇక పాలమూరు నుంచి బొంబాయికి పోయే బస్సుల్లో ఎక్కిన కూలీల లెక్క చెప్పనలవి కాదు. భర్త బొంబాయిలో, భార్యాపిల్లలు ఊళ్లో, ముసలివారు గుమ్మంలో ఎదురుచూపుల్లో గడిపిన ఇళ్లు ఎన్నో!

ఈ నేపథ్యం తెలిసిన చెవికి ఆ మరదలి నిరాకరణ మరో విధంగా వినిపిస్తుంది. అద్దాల మేడల ఆశ చూపినా ఊరు విడిచి రానన్న మాట ఒకప్పుడు ఆడవారు మనసులోనే అనుకున్నది. ఇప్పుడు మైకులో అంటున్నారు. పాట రాసేటప్పుడు ఇంత ఆలోచన ఉన్నా లేకున్నా, పాలమూరు మట్టిలో పుట్టిన పాటకు ఆ వాసన అంటకుండా ఎలా ఉంటుంది?

ఊరికి పోతాననేవారికి ఎదురు ప్రశ్న

దీని పక్కనే పెట్టుకుని వినవలసిన పాట "ఊరెళ్ళిపోతా మామ". హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' బృందం చేసినది. మొదటి పాటలో ఆమె ఊరు విడిచి రానంటే, ఇందులో ఊరు విడిచి వచ్చినవాడు తిరిగి పోతానంటాడు. పట్నం ఉక్కపోత భరించలేక ఎర్రబస్సు ఎక్కాలని ఆరాటపడతాడు. ఇంతవరకే అయితే ఇది మామూలు పల్లె పొగడ్త అయ్యేది. పాట అక్కడ ఆగలేదు. ఏ ఊరికి పోతావు, అక్కడ ఏం మిగిలిందని పోతావు అన్న ఎదురు ప్రశ్న కూడా పాటలోనే ఎదురవుతుంది. అప్పులు, ఎండిన చేలు కళ్ల ముందు నిలుస్తాయి. కుర్రకారు పాటలో ఇంత నిబ్బరం అరుదు.

సంగీతం విషయంలోనూ ఈ బృందం కొత్త తోవ తొక్కింది. వెస్టిండీస్‌లోని జమైకా దీవిలో పుట్టి, బాబ్ మార్లే గొంతుతో ప్రపంచమంతా పాకిన 'రెగే' బాణీని వీరు జానపదంతో జతచేశారు. ఆ బాణీలో గిటారు మీటు తాళం దెబ్బ మీద పడదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ పడుతుంది. అందుచేత పాటకు ఊగిసలాడే నడక వస్తుంది. విచిత్రమేమంటే ఎడ్లబండి మీద కూర్చుని పాడుకున్నట్టే ఉంటుంది గానీ పరాయి సంగీతంలా తోచదు. వీరిదే "మాయ" అన్న పాట కూడా ఇదే కోవలోది. తత్వాలు పాడుకునే ఇంటివారికి ఇది సులువుగా దగ్గరవుతుంది.

ఈ బృందంలో పాడిన రామ్ మిర్యాల తర్వాత సినిమాల్లోకి వెళ్లారు. 'జాతిరత్నాలు' (2021)లో "చిట్టి", 'డీజే టిల్లు' (2022)లో శీర్షిక గీతం ఆయన పాడినవే. సినిమా పాటతో ఆయన్ను ఎరిగినవారు మొదటి పాటలను కూడా వెతికి వినడం మంచిది.

అవ్వ గొంతులో పెరిగిన పాట

ఈ వరసలో కళాశాల చదువులతో, స్టూడియో శిక్షణతో సంబంధం లేని గొంతు ఒకటి ఉంది. పల్లెటూరి కనకవ్వ పాడిన "నర్సపెల్లి" పాట అది. పండు వయసులో, పొలం పనుల్లో రాటుదేలిన గొంతుతో ఆమె పాడుతుంటే లక్షల మంది ఆగి విన్నారు. నర్సపెల్లి గండిలో నెమలి ఆడడంతో పాట మొదలవుతుంది. ప్రతి పాదం చివరా "గంగధారి" అన్న పిలుపు వస్తుంది.

ఈ పిలుపును గమనించండి. దానికి ప్రత్యేకించి అర్థం వెతకనక్కర్లేదు. నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఒకరు పాదం అందిస్తారు. మిగిలినవారు చివరి మాట పట్టుకుంటారు. ఆ మాట అనే లోపు ముందు పాడే మనిషి ఊపిరి తీసుకుని తర్వాతి పాదం గుర్తు చేసుకుంటుంది. బతుకమ్మ పాటలో "ఉయ్యాలో" చేసే పనీ ఇదే. అంటే ఈ పాట నిర్మాణమే పని తీరును బట్టి ఏర్పడింది. చేతులు, నడుము, ఊపిరి కలిసి కట్టిన పాట ఇది. దీన్ని ఏ కవీ బల్ల ముందు కూర్చుని రాయలేదు.

ఈ పాటకు వాద్యాలు జోడించి విడుదల చేసినప్పుడు గొంతుకు పెద్దపీట వేయడం అభినందనీయం. చాలామంది చేసే పొరపాటు కీబోర్డు మోతతో గొంతును కప్పేయడం. ఇందులో ఆ గొంతులోని గరుకుదనం, పాదం చివర చిన్న విరుపు అలాగే నిలిచాయి. ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో ఈ పాట వినిపించి చూడండి. ఆమె తనకు తెలిసిన మరో రెండు చరణాలు చెప్పినా చెప్పవచ్చు. అవి రాసిపెట్టుకుంటే ఆ ఇంటికి అంతకంటే ఆస్తి లేదు.

ఏటేటా కొత్త బతుకమ్మ

బతుకమ్మ పండుగకు కొత్త పాటలు విడుదల చేయడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. తెలంగాణ ఏర్పడిన 2014లోనే ఇది రాష్ట్ర పండుగ కావడంతో ఈ పాటలకు గిరాకీ ఎన్నో రెట్లు పెరిగింది. మంగ్లీ వంటి గాయనులకు ఇంటింటా పేరు తెచ్చినవి ఈ పాటలే. ఏటా వచ్చే పదుల పాటల్లో మంచిదాన్ని ఎంచుకోవడానికి ఓ సులువైన పరీక్ష ఉంది. ఫోను పక్కన పెట్టి, వట్టి చప్పట్లతో, నలుగురు ఆడవారు ఆ పాట పాడుకోగలరా అని చూడాలి. పాడుకోగలిగితే అది బతుకమ్మ పాట. స్పీకర్లు లేకుంటే నడవని పాట పండుగ మర్నాటికే మరుగున పడుతుంది.

పాత రికార్డుల్లో ఈ మూడూ

కొత్త పాటల రుచి తెలియాలంటే పాతవీ చెవిన పడాలి. జంధ్యాల పాపయ్యశాస్త్రి 'ఉదయశ్రీ'లోని "పుష్పవిలాపం" పద్యాలను ఘంటసాల పాడిన రికార్డు ముందుగా వినాలి. పూలు తమను కోయవద్దని వేడుకునే ఆ పద్యాలు బడికి వెళ్లని వారికి సైతం కంఠస్థమయ్యాయి. పద్యాన్ని రాగాల సాము చేయకుండా, మాట మాటా విడిగా వినబడేలా పాడడం ఎలాగో నేటి గాయకులు ఆ రికార్డు నుంచి నేర్చుకోవచ్చు. దాశరథి రాసిన "తలనిండ పూదండ" కూడా ఘంటసాల పాడిన ప్రైవేటు గీతమే. దీన్ని సినిమా పాట అనుకునేవారు నేటికీ కనిపిస్తారు.

మూడోది, తర్వాత 'మల్లీశ్వరి' (1951) సంగీతంతో చిరస్మరణీయుడైన సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన "కోపమేల రాధా". రెండు గొంతులు, నాలుగైదు వాద్యాలు. అంతకుమించి ఏమీ లేదు. లోటూ కనిపించదు. నూరు వాద్యాల హంగు ఫోనులోనే అమరుతున్న ఈ రోజుల్లో పాటలు కట్టే కుర్రవాళ్లు తప్పక వినవలసిన రికార్డు ఇది.

బావిలో నీరు, కాలువలో పేరు

సినిమా వద్దన్న ఈ పాటలను చివరికి సినిమాయే వెతుక్కుంటూ వస్తోంది. ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన "బండెనక బండి గట్టి" పాటను 1980 నాటి 'మాభూమి' చిత్రంలో గద్దర్ పాడారు. సుద్దాల హనుమంతు "పల్లెటూరి పిల్లగాడా" అదే చిత్రంతో కొత్త తరానికి చేరింది. ఉత్తరాంధ్ర వాగ్గేయకారుడు వంగపండు ప్రసాదరావు "ఏం పిల్లడో" పాటను 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' వాడుకుంది. గోరటి వెంకన్న "పల్లె కన్నీరు పెడుతుందో" 2002లో 'కుబుసం'లో వినిపించింది. శ్రీకాకుళం ప్రాంతపు "నాది నక్కిలీసు గొలుసు" 2020లో 'పలాస 1978'కి ఎక్కింది.

జానపదం నుంచి వచ్చిన కలానికి దేశస్థాయి గౌరవమూ దక్కింది. 'బలగం' (2023)లోని "ఊరు పల్లెటూరు" పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ ఉత్తమ గేయ రచయిత పురస్కారం లభించింది. 2025లో ఈ ప్రకటన వెలువడినప్పుడు జానపద గాయకులందరూ అది తమకే వచ్చినంతగా సంబరపడటంలో వింత లేదు.

అయితే సినిమాకు ఎక్కిన పాటకు పేరు వస్తుంది. పాటను కన్నవారికి వస్తుందా అన్నదే ప్రశ్న. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని "సారంగ దరియా" జనాదరణ పొందగానే ఈ చర్చ పెద్దయెత్తున రేగింది. జానపదం ఆధారంగా సుద్దాల అశోక్‌తేజ రాసిన పాట అది. దాన్ని ముందే సేకరించి టీవీ కార్యక్రమంలో పాడినవారి సంగతేమిటని జనం అడిగారు. తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పాట ఎవరి సొత్తూ కాదన్నది ఒక వాదం. ఆ పాటను మరుగున పడకుండా కాపాడిన మనిషిని కనీసం తలచుకోవాలన్నది మరో వాదం. రెండింటిలోనూ న్యాయం ఉంది.

చట్టం ఏమంటోంది?

పాట కట్టేవారికి చట్టం కొంత అండగానే ఉంది. ఈ సంగతి పల్లె కళాకారుల్లో చాలామందికి తెలియకపోవడమే విచారకరం. రచయిత హక్కు అతను జీవించినంత కాలం, మరణానంతరం మరో 60 ఏళ్లు ఉంటుంది. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. పాటను ఒక్కసారి డబ్బు తీసుకుని రాసిచ్చేసినా, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయితకు, బాణీ కట్టినవారికి సగం వాటా ఉంటుంది. ఆ వాటాను వారు వదులుకుంటున్నట్టు కాగితం రాయించుకున్నా చెల్లదు. సినిమాలో లేని రికార్డు పాటలకూ ఇదే వర్తిస్తుంది. ఆ సొమ్మును వసూలు చేసి పంచేందుకు ఐపీఆర్‌ఎస్ అనే సంఘం 1969 నుంచి ఉంది. రచయితలు, సంగీతకర్తలు అందులో సభ్యులుగా చేరవచ్చు.

ఆచరణలో జరుగుతున్నది వేరు. పాట రాసిన కుర్రాడు వెయ్యో రెండు వేలో చేతిలో పడితే చాలనుకుంటాడు. కాగితం చదవకుండా సంతకం పెడతాడు. పాట కోట్ల మంది చూసినా ఆ లెక్క ఛానెల్ యజమానికే తెలుస్తుంది. జానపదాల మీద హక్కు వేరే చిక్కు. అవ్వ పాడిన పాత పాటకు చట్టం దృష్టిలో రచయిత లేడు. ఆమె గొంతుకు మాత్రం విలువ ఉంది. పాడేముందు ఎంత ఇస్తారు, పేరు ఎక్కడ వేస్తారు అన్న రెండు మాటలు రాతపూర్వకంగా అడిగి తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఈ విషయంలో పెద్దలకు సాయపడాలి.

తాలూ గింజా వేరుచేయడం ఎలా?

ఒక పాటకు పేరు వస్తే చాలు, అదే బాణీలో, అదే డప్పు దరువుతో, అవే బావామరదళ్లతో మరో ఇరవై పాటలు దిగుతున్నాయి. పాట మొత్తాన్ని పక్కన పెట్టి, ముప్పై సెకన్ల ముక్క ఫోన్లలో తిరిగితే చాలన్న ధోరణి పెరిగింది. పల్లవికి పడిన శ్రద్ధ చరణాలకు ఉండటం లేదు. ఆడవారిని చులకన చేసే మాటలతో నాలుగు రోజుల పేరు కొట్టేయాలని చూసేవారూ ఉన్నారు. ఎందరు చూశారన్న అంకె పాట విలువకు కొలత కాదని వేరే చెప్పనక్కర్లేదు.

మంచి పాటను పట్టుకోవడానికి పెద్ద సంగీత జ్ఞానం అవసరం లేదు. మొదటిసారి బొమ్మ చూడకుండా వినాలి. అప్పుడు నృత్యం, అలంకారం తొలగిపోయి పాట ఒక్కటే మిగులుతుంది. రెండో చరణం దాకా ఓపిక పట్టాలి. అక్కడ కొత్త సంగతి ఏదైనా చెప్పిందా, పల్లవినే తిప్పి తిప్పి అన్నదా గమనించాలి. పాట కింద రచయిత పేరు ఉందో లేదో చూడాలి. పేరు వేయని పాటను పది మందికి పంపే ముందు ఆ పేరేమిటని ఛానెల్ వారిని అడగవచ్చు. అడిగేవారు పెరిగితే వేసేవారూ పెరుగుతారు.

నిర్వాహకులు తలచుకుంటే

ఈ పాటలకు రేడియో కేంద్రం వంటి పెద్ద దిక్కు ఇప్పుడు లేదు. పాట నిలిచినా పోయినా అది శ్రోత చేతిలోనే ఉంది. బడి వార్షికోత్సవాల్లో, జాతరల్లో, బతుకమ్మ సంబరాల్లో, గణపతి మండపాల్లో ఈ పాటలు లేని రోజు ఉండదు. పాట పెట్టేముందు "ఇది ఫలానా వారు రాసినది, ఫలానా వారు పాడినది" అని మైకులో ఒక్క మాట చెప్పడానికి నిర్వాహకులకు అయ్యే ఖర్చేమీ లేదు. ఊళ్లోనే పాడేవారుంటే వారిని వేదిక ఎక్కించి, పాడించి, శాలువాతో పాటు దారిఖర్చులూ చేతిలో పెడితే మరీ మంచిది. రాబోయే పండుగల నుంచే ఈ పద్ధతి మొదలుపెడితే పల్లె కళాకారులు సంతోషిస్తారు. కొత్తగా పాట కట్టాలనుకునే పిల్లలకూ ధైర్యం వస్తుంది.